తూకం గారి వేలిముద్ర

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఆ పనిలో దిగి ముప్పై ఏళ్లు దాటింది. ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల లిఫ్టు చప్పుడు వింటారు, ఆ తర్వాతే మనుషుల మాటలు వినపడతాయి ఆయనకి. మా చెల్లెలు కొత్తగా ఫ్లాటు కొనుక్కుని పిలిచింది. అందరూ వంటగది బాగుంది, గాలి బాగా వస్తోంది అంటుంటే ఈయన "మూడో అంతస్తు తలుపు రోలరు అరిగిపోయింది, చెప్పండి వాళ్లకి" అని కూర్చున్నారు. మా చెల్లెలు ఆర్నెల్లు నాతో ముక్తసరిగానే మాట్లాడింది.

ఈయన గురించి ఇలాంటివి బోలెడు చెప్పగలను. ఇరవై ఆరేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు రాస్తున్నది మాత్రం అందుకు కాదు. ఈ మనిషికి లోకంలో ఉన్నది ఒకే ఒక్క స్నేహితుడు. ఆ ఒక్కణ్నీ తన చేతులతో తయారుచేసుకున్న వస్తువు వల్లే పోగొట్టుకున్నారు. అందులో నా పాలు కూడా ఉంది. ఇన్నాళ్లూ ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు కాబట్టి ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ముందు ఆయన చాదస్తం ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పాలి. మా పెళ్లికి ముందు సంగతి. తలుపు సరిగ్గా మూసుకుంటే తప్ప లిఫ్టు కదలకుండా ఒక తాళం ఉంటుంది. ఆ తాళం పాడైతే లిఫ్టు ఆగిపోతుంది, జనం మెట్లెక్కలేక తిట్టుకుంటారు. అలాంటప్పుడు కొందరు మెకానిక్కులు చిన్న వైరు ముక్క అడ్డం వేసి, తలుపు మూసే ఉందని లిఫ్టుని నమ్మించేస్తారు. ఈయనకి పని నేర్పిన మేస్త్రీ ఒక బట్టల గోడౌనులో అలాగే వేశాడు, సాయంత్రం వచ్చి బాగుచేద్దాంలే అని. సాయంత్రం అయ్యేలోపే అక్కడి కాపలా మనిషి, తలుపు తెరిచే ఉంది కదా అని లోపలికి అడుగు వేశాడు. అక్కడ లిఫ్టు లేదు. నాలుగంతస్తుల లోతు ఉంది. ఆ వైరు ముక్క కత్తిరించి మేస్త్రీ చేతికి ఇచ్చింది మా ఆయనే.

అప్పటినుంచి ఆయనకి ఒకటే మాట. మూసి ఉండాల్సిన తలుపుకి దొడ్డిదారి ఉండకూడదు. ఆరు నూరైనా సరే, తాళం బాగుపడేదాకా లిఫ్టు కదలనివ్వరు. ఈ పట్టుదల వల్ల ఎన్ని అపార్టుమెంట్ల సెక్రటరీలు ఆయన మీద ఒంటికాలి మీద లేచారో లెక్కలేదు. ఆయన చెవిన వేసుకునేవారు కాదు.

తర్వాత లిఫ్టులకి కంప్యూటరు బోర్డులు వచ్చాయి. కంపెనీ వాళ్లు శిక్షణ ఇప్పించి, ఒక పాత లాప్‌టాప్ చేతికిచ్చారు. మిషన్ రూమ్ అంటే బిల్డింగు నెత్తిన ఉండే గది. మోటారు, తాళ్లు, గ్రీజు వాసన తప్ప ఏమీ ఉండవు. బల్ల ఉండదు, మౌసు పెట్టుకునే చోటుండదు. ఈయన నూనె డబ్బా బోర్లించి దాని మీద కూర్చుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, మధ్యాహ్నం క్యారేజీ తింటూ ఏదైనా చదువుకోవాలనుకునేవారు. మామూలు వెబ్‌సైటు తెరిస్తే చాలు, ఆ ముసలి లాప్‌టాప్ ఫ్యాను గోల పెట్టి బిగుసుకుపోయేది. తెరుచుకున్నా, సగం తెర ప్రకటనలే.

శిక్షణలో పరిచయమైన ఎవరో ఈయనకి ఇంకో నెట్ సంగతి చెప్పారట. బొమ్మలు లేవు, ప్రకటనలు లేవు, మన వెంటపడి ఆరాలు తీసేవి లేవు. ఒక పుట అడిగితే ఆ పుటలోని అక్షరాలు వస్తాయి. ఇంకేమీ రాదు. దానికి ఏదో ఇంగ్లీషు పేరుంది గానీ మా ఇంట్లో 'చిన్న నెట్' అనే పిలుచుకున్నాం. అది చూడడానికి అప్పటికే ఉన్న బ్రౌజర్లు ఈయనకి నచ్చలేదు. మూడేళ్లు కూర్చుని సొంతంగా ఒకటి రాసుకున్నారు. ఆదివారాలన్నీ దానికే పోయాయి.

పూర్తయిన రోజు నన్ను పిలిచి చూపించారు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. నేను కర్టెన్ల కొట్టులో కుట్టుపని చేస్తాను, నాకేం అర్థమవుతుంది?

"ఇదిగో, జె నొక్కితే కిందికి వెళ్తుంది, కె నొక్కితే పైకి. లింకులకి అంకెలుంటాయి. ఏ అంకె నొక్కితే అక్కడికి తీసుకెళ్తుంది" అన్నారు.

"అంటే ఇదీ లిఫ్టేగా?" అన్నాను.

ఆయన ఒక్క క్షణం తెర వైపు చూసి, "నాకు తట్టనే లేదే" అని పెద్దగా నవ్వారు. లిఫ్టులో మనుషులు నిలబడే పెట్టెని కేబిన్ అంటారట, దాని పేరు అప్పటికప్పుడు 'కేబిన్' అని మార్చేశారు. ఆయన నవ్వడం అరుదు, అందుకని గుర్తుండిపోయింది.

అసలు గొప్ప వేరే ఉందట. అది మొదలవగానే తన హక్కులన్నీ తనే వదిలేసుకుంటుంది. మన ఫైళ్ల వైపు కన్నెత్తి చూడలేదు, వేరే ప్రోగ్రాముని లేపలేదు. ఒక చిన్న గదిలో తనని తాను పెట్టుకుని గడియ వేసుకుంటుంది. ఆ గదిలో దాని దగ్గర ఒక్క పుస్తకం మాత్రం ఉంటుంది.

"ఏముంటుంది అందులో?" అన్నాను.

"వేలిముద్రలు. పుట ఉండే ప్రతి మిషనుకీ ఒక వేలిముద్ర ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నా కేబిన్ అది రాసి పెట్టుకుంటుంది. మళ్లీ వెళ్లినప్పుడు సరిచూస్తుంది."

"తేడా వస్తే?"

"తెరవదు."

"పోనీ, నేనే తెరవమంటే?"

"అయినా తెరవదు. మిగతావాళ్ల బ్రౌజర్లు పరవాలేదా అని అడుగుతాయి. జనం చదవకుండా పరవాలేదని నొక్కేస్తారు. అదీ వైరు ముక్కే కదా" అన్నారు.

నేను లేచి నా కుట్టుపనికి వెళ్లిపోయాను. ఆ గోడౌను సంగతి వచ్చినప్పుడు నేనెప్పుడూ ఇంకో ప్రశ్న వేయను.

తూకం గారు ఆ చిన్న నెట్‌లో దొరికిన మనిషి. ఎక్కడో దూరాన, హైవే పక్కన లారీలు తూచే కాటా దగ్గర పని. తన పుటకి 'తూకం' అని పేరు పెట్టుకున్నారు, మా ఆయన తన పుటకి 'మిషన్ రూమ్' అని. అక్కడ ఉత్తరాలుండవు. ఈయన తన పుటలో ఏదో రాస్తే, అది చదివి తూకం గారు తన పుటలో జవాబు రాస్తారు. దానికి ఈయన మళ్లీ తన పుటలో. అలా ఏడేళ్లు నడిచింది. ఒకరి పేరు ఒకరికి తెలియదు, ఊరు తెలియదు, ఫోను నంబరు తెలియదు.

"ఏడేళ్ల స్నేహం, పేరైనా అడగలేదా?" అని దెప్పేదాన్ని.

"అడిగితే బాగుండదేమో" అనేవారు. ఇంటిపక్క వాళ్ల పేర్లే ఈయనకి తెలియవు, ఇక కనపడని మనిషి పేరా.

కానీ ఆ రాతలు బాగుండేవి, అది నేనూ ఒప్పుకోవాలి. ఈయన గట్టిగా చదివి వినిపించేవారు. లారీ డ్రైవర్లు ఎవరూ చూడనప్పుడు కాటా ఎక్కి తమ బరువు చూసుకుంటారట. యాభై టన్నుల కాటాకి మనిషి సరిగ్గా కనపడడు, ఒక్కోసారి సున్నా చూపిస్తుంది. ఒక డ్రైవరు అది చూసి, ఇంట్లో కూడా నా లెక్క ఇంతే అన్నాడట. మా ఆయన కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వారు. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా మార్చుకోకుండానే కేబిన్ తెరిచేవారు. నాతో పది మాటలు మాట్లాడితే అందులో ఆరు తూకం గారివే. ఒప్పుకుంటే పోయేదేముంది, నాకు కొంచెం కుళ్లుగానే ఉండేది.

ఒకరోజు ఆ తలుపు తెరుచుకోలేదు. తెర మీద ఆయన రాసిపెట్టిన మాటే వచ్చింది: 'వేలిముద్ర వేరు. తెరవను.'

ఈయన మొహం పాలిపోయింది. మర్నాడు మళ్లీ చూశారు, ఆ మర్నాడు మళ్లీ. వారం గడిచింది. ఎవరో తూకం గారి చోటు కాజేసి, ఆయన పేరుతో కూర్చున్నారని అనుమానం. చిన్న నెట్‌లో అలా జరుగుతుందట, ఎప్పుడైనా.

ఆ వారం రోజులూ ఈయనకి సాయంత్రాలు ఏం చేయాలో తోచలేదు. నా దగ్గరికొచ్చి కూర్చునేవారు. నేను కర్టెను గుడ్డ కొలుస్తుంటే రెండో కొస పట్టుకునేవారు. మేమిద్దరం అలా కూర్చుని ఎన్నేళ్లయిందో.

అలా గుడ్డ కొస పట్టుకునే అడిగారు.

"కేబిన్ మూసేసి, ఆ పుస్తకంలో ఆయన వేలిముద్ర ఉన్న వరస ఒక్కటి నా చేత్తో కొట్టేస్తే, కొత్త వేలిముద్ర రాసుకుని తెరుస్తుంది. చూడమంటావా?"

నిజంగా అడిగారు. ఆయన ఎప్పుడూ నన్ను అలా అడగరు. నేను చూడమని ఉంటే చూసేవారు.

"ఎవరూ పెట్టని రూలు మీరు పెట్టారు. ఇప్పుడు మీకోసం మీరే తప్పుతారా? మీ ఇష్టం బాబూ" అన్నాను.

ఎలా అంటే ఆయన ఏం చేస్తారో తెలిసే అన్నాను. ఆయన తలూపి, గుడ్డ కొస సరిగ్గా పట్టుకున్నారు.

మర్నాడు తన పుటలో ఒక హెచ్చరిక రాశారు. తూకం గారి చోట వేరే ఎవరో ఉన్నారనీ, ఎవరూ నమ్మవద్దనీ, పాత వేలిముద్రతో ఆయన తిరిగి వచ్చేదాకా తాను అటు చూడననీ. మా ఆయన మాటకి అక్కడ విలువుంది. జాగ్రత్త మనిషని పేరు. వారానికోసారి మంచి పుటల జాబితా తయారుచేసే ఒకావిడ ఉంది, ఆవిడ ఈయన మాట మీద తూకం గారి పేరు జాబితాలోంచి తీసేసింది. ఆవిడ తీసేసిందని మిగతావాళ్లూ వెళ్లడం మానేశారు.

ఐదు నెలలు గడిచాయి. ఈయన తన పుటలో రాస్తూనే ఉన్నారు గానీ రాతలో పస పోయింది. ఏ బేరింగు మార్చారో, ఏ తాడు మార్చారో, అంతే. నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున భోజనాల బల్ల దగ్గర కేబిన్ తెరిచి కూర్చున్నారు. నేను పక్కనే బటన్లు కుడుతున్నాను. జాబితా ఆవిడ పుటలో ఈయన్ని ఉద్దేశించి నాలుగు ముక్కలున్నాయి.

'మిషన్ రూమ్ గారికి. మీ మాట మీద నేనూ తూకం గారి పేరు తీసేశాను. నిన్న మనసాగక వేరే బ్రౌజరులో తెరిచి చూశాను. మీరూ చూడండి. మొదటినుంచి చదవండి.'

ఈయన కేబిన్ మూశారు. ఆ పుస్తకం తెరిచి ఆ వరస కొట్టేశారు. ఎంతసేపో పట్టలేదు, రెండు మీటలు నొక్కారేమో. మళ్లీ తెరిచారు. పదకొండు రాతలున్నాయి అందులో.

మొదటిది, వానకి కాటా కింది గొయ్యి నిండి నీళ్లు గదిలోకొచ్చి కంప్యూటరు పాడైందనీ, కొత్తది తెచ్చి పెట్టుకున్నాననీ. పాత వేలిముద్ర పాతదాంతోనే పోయిందనీ. అంతే, ఇంకేం లేదు. దొంగ లేడు, మోసం లేదు.

రెండోది మా ఆయన హెచ్చరిక చూశాక రాసింది. 'నేను నేను కాదని మిషన్ రూమ్ గారు తేల్చేశారు. మా ఆవిడకి చెబితే, నాకు ఎప్పటినుంచో అనుమానంగానే ఉందండీ అంది.' నవ్వుతూనే రాశారు ఆయన.

మూడోదానిలో నవ్వు లేదు. ఈయన నమ్మేలా ఏదైనా చెప్పాలని కూర్చుని, తమ మధ్య నడిచినవన్నీ వరసగా రాశారు. గోడౌను సంగతి కూడా ఉంది అందులో. మా ఆయన అది నాకు కాక ఇంకెవరికీ చెప్పలేదనుకున్నాను, కానీ రాశారన్నమాట. చివర తూకం గారే ఇలా అన్నారు: 'ఇవన్నీ మీ పుటలోనే ఉన్నాయి. ఏ దొంగైనా చదివి అప్పజెప్పగలడు. ఏడేళ్లలో మనిద్దరికే తెలిసిన సంగతి ఒక్కటీ లేదని ఇవాళే తెలిసింది.'

తర్వాతవి చిన్నచిన్నవి. జాబితాలో పేరు పోయిందని ఒకటి. నిన్న ఒక్కరూ రాలేదని ఒకటి. కాటా మూసేస్తున్నారు, ఈ గదీ కంప్యూటరూ అప్పగించేయాలి, నెలాఖరుతో ఈ పుట కూడా పోతుందని ఒకటి. ఈయన చదువుతున్నారు, పైకి కాదు, పెదాలు మాత్రం కదులుతున్నాయి. నేను వెనక నిలబడి చదివాను. నా చేతిలో సూది ఉన్న సంగతి కూడా మర్చిపోయాను.

పదోది ఇలా ఉంది.

'చూడనన్నారు గానీ, చూస్తూనే ఉంటారని నా నమ్మకం. ఎవరైనా చూస్తారు. ప్రతి నెలా మొదటి బుధవారం తొమ్మిదంతస్తుల ఆస్పత్రిలో లిఫ్టులు చూస్తానని రాశారు కదా. ముందు పెద్ద గడియారం ఉంటుందన్నారు. ఆ ఊరేదో నలుగురినీ అడిగి కనుక్కున్నాను. ఈ బుధవారం వస్తున్నాను. కింద హాల్లో కూర్చుంటాను. ఒళ్లో నీలం సంచి ఉంటుంది. మీరొచ్చి పలకరిస్తే చాలు.'

పదకొండోది ఆ బుధవారం తర్వాత రాసింది.

'వచ్చాను. పనిముట్ల సంచీ, చొక్కా మీద కంపెనీ పేరూ చూసి మీరేనని గుర్తుపట్టాను. నా ముందు నుంచి రెండుసార్లు వెళ్లారు. నన్ను చూశారు, సంచీ చూశారు. నేనే లేచి పలకరిద్దామనుకున్నాను. కానీ ఎవరు మీరని అడిగితే నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. మీకు ఇష్టం లేదని అర్థమైంది. మనిషి ఆరోగ్యంగా ఉన్నారు, సంతోషం. ఇక ఇబ్బంది పెట్టను.'

బుధవారం గడిచి అప్పటికి మూడు వారాలు దాటింది. నెలాఖరుకి నాలుగు రోజులుంది.

మా ఆయన పదోదీ పదకొండోదీ మళ్లీ చదివారు. కాఫీ చల్లారిపోయింది. తర్వాత నా వైపు తిరక్కుండానే అన్నారు:

"చూశానే ఆయన్ని. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. రెండోసారి నన్ను చూసి కొంచెం లేవబోయాడు. లిఫ్టు ఎప్పుడు బాగవుతుందని అడిగి తినేస్తాడేమోనని, అటు పోకుండా మెట్లమీద నుంచి వెళ్లిపోయాను."

ఆ సాయంత్రం, గుడ్డ కొస, నేనన్న మాట, అన్నీ గుర్తొచ్చాయి. అప్పుడైనా చెప్పాలి కదా, తప్పు మీ ఒక్కరిదే కాదండీ, మీరు అడిగారు, నేను వద్దన్నట్టే అన్నాను, మీరు నా దగ్గర కూర్చోవడం నాకు బాగుండి అలా అన్నాను అని. "కాఫీ మళ్లీ పెడతాను" అన్నాను.

"లిఫ్టులో చిక్కుకున్నవాడికి గంట ఉంటుంది నొక్కడానికి" అన్నారు ఆయన. "నేను తలుపు మూయడం ఒక్కటే ఆలోచించాను. అవతలివాడికి గంట పెట్టలేదు."

ఆ మధ్యాహ్నమే తన పుటలో రాశారు. తప్పు నాది, మీరు మీరే, నేను ఐదు నెలలు ఒక్క అక్షరమూ చదవలేదు, ఆ రోజు మిమ్మల్ని చూసి కూడా తెలుసుకోలేకపోయాను అని. పేరు రాశారు, ఇంటి అడ్రసు రాశారు, ఫోను నంబరు రాశారు. ఏడేళ్లలో రాయనివన్నీ ఒక్క పేరాలో రాశారు. జాబితా ఆవిడ దాన్ని అన్నింటికన్నా పైన పెట్టింది, తూకం గారి పేరు మళ్లీ చేర్చింది.

సోమవారం సెలవు పెట్టారు. కాటాలున్న ఊళ్ల పేర్లు రాసుకుని ఫోన్లు చేశారు. మూసేస్తున్న కాటా ఏదని అడిగితే ఎవరు చెబుతారు? ఒకాయన, పాత ఇనుము కొనేవాళ్లా మీరు అని అడిగాడు.

నాలుగు రోజులూ రోజుకి పదిసార్లు తూకం గారి పుట తెరిచి చూశాం. ఈసారి తలుపు తెరుచుకుంటూనే ఉంది, వేలిముద్ర సరిపోతూనే ఉంది. పన్నెండో రాత మాత్రం రాలేదు. ఐదో రోజు పొద్దున ఆ చిరునామాలో ఎవరూ పలకలేదు.

ఆరు నెలలైంది. ఫోను మోగితే ఆయన ఇప్పటికీ చేతిలో పని వదిలేసి వస్తారు. తూకం గారు ఆ నాలుగు రోజుల్లో మా ఆయన రాసింది చదివారో లేదో మాకు తెలియదు. మొదట్లో, చదివి ఉంటే ఫోను చేసేవారే అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోను. చదివే ఉండొచ్చు. చదివినా, తనని ఆస్పత్రి హాల్లో చూసి మొహం తిప్పుకుని మెట్లమీద నుంచి వెళ్లిపోయిన మనిషే అది రాశాడని తూకం గారు ఎందుకు నమ్మాలి?